రోలూ, మద్దెలా

మా యింటి వసారాలో ఒక మూల రెండు వస్తువులు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. ఒకటి మా యమ్మ కాపురానికి వచ్చినప్పటి రాతిరోలు. రెండవది నేను 1985లో ప్రొద్దుటూరులో బేరమాడి కొన్న పాత రెమింగ్టన్ టైపు మిషను. ఇప్పుడు రెంటికీ పెద్దగా పని లేదు. రోటిమీద తులసి కుండీ పెట్టాము. టైపు మిషనుకు మా మనవరాలు తన పాత గౌను కప్పింది, చలి వేస్తుందని కాబోలు.

రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదని సామెత ఉంది గదా. రోటికి ఒక పక్కనే దెబ్బలు; మద్దెలకు రెండు పక్కలా. ఆ మద్దెలను నేనేనని చాలాకాలం అనుకొన్నాను. ఒక పక్క సంసారం, ఇంకొక పక్క పదేళ్ళయినా నిలవకుండా కాళ్ళకింద జారిపోయే వృత్తి! ఎవరు దొరికినా నా గోడు చెప్పుకొనేవాణ్ణి. ఆ భ్రమ ఎలా వదిలిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది వల్లూరు. కడపనుంచి కమలాపురం పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు గాని, 13వ శతాబ్దంలో కాయస్థ అంబదేవుడికి ఇది రాజధాని. పెన్న ఒడ్డున హరిహర క్షేత్రమని పేరుపొందిన పుష్పగిరి మా మండలంలోదే. రాజధాని హోదా పోయాక వందల ఏండ్లు మామూలు పల్లెగా బ్రతికిన మా వూరు, 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. ఊళ్ళే ఇన్ని ఉద్యోగాలు మారుతుంటే మనిషెంత!

మండలాఫీసు వచ్చిందంటే అర్జీలు వస్తాయి. అర్జీలు వస్తే టైపు కొట్టేవాడు కావాలి. ఆ ధైర్యంతో మా యింటి ముందుగదిలోనే టైపు ఇన్‌స్టిట్యూటు తెరిచాను. పొద్దున పిల్లలకు పాఠాలు. లోయరు పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు కొట్టాలి. నేను స్టాప్‌వాచీ చేతబట్టుకొని నిలబడితే పిల్లలు వణికేవారు. పదకొండు దాటితే అర్జీలవాళ్ళు వచ్చేవారు. పాసుపుస్తకం రాలేదని ఒకడు, పింఛను ఆగిందని ఒక ముసలామె. వాళ్ళు ఏడుస్తూ చెప్పిందాన్ని నేను "అయ్యా" అని మొదలుపెట్టి పది వాక్యాలలోకి దించేవాణ్ణి. ఎదుటివాడి కష్టం రాయడంలో నాకు మంచి పేరే వచ్చింది. నా యింట్లో కష్టం మాత్రం నా కంటికి ఆనలేదు.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన సి-డాట్ సంస్థ మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకొనే చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేయడంతో, పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు పల్లెల్లోకి కూడా వచ్చాయి. 1993లో నేనూ ఒకటి పెట్టాను. మా జిల్లానుంచి కువైటు పోయినవాళ్ళు లెక్కలేనంత మంది. వాళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని మా అరుగుమీద గంటలకొద్దీ కాచుకొనేవారు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుంది కాబట్టి అసలు బేరమంతా అప్పుడే. పదకొండింటికి షట్టరు దించి లోపలికి వస్తే అన్నం పళ్ళెంలో ఉండేది. ఎవరు వండారు, ఎప్పుడు వండారు అన్న ఆలోచన నాకు రాలేదు. ఆకలి ఒక్కటే తెలిసేది.

*

మా ఆవిడ పెండ్లికి ముందే టీచరు ట్రెయినింగు చదివింది. ఉద్యోగం మాత్రం 1996లో వచ్చింది. ఎర్రగుంట్ల దాటి ఒక పల్లెలో బడి. పోనురాను రోజుకు నాలుగు బస్సులు. అప్పటికి మాకు ఇద్దరు పిల్లలు.

మా యమ్మకు కోడలి ఉద్యోగమంటే కోపమేమీ లేదు. కోపమల్లా మిక్సీమీదనే. ఉద్యోగం రాకముందే 1994లో ప్రొద్దుటూరు పోయి మిక్సీ కొనుక్కొచ్చాను. దాని మోత వినగానే మా యమ్మ చెవులు మూసుకొనేది. "చెనిక్కాయల ఊరుబిండి రోట్లో నూరితే ఊరుబిండి. దీంట్లో వేస్తే బురద" అనేది. రుచి మాట వదిలేస్తే, ఆ యంత్రం కథ ముచ్చటైనదే. బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు భార్య వాడుతున్న విదేశీ మిక్సీ మోటారు మన పప్పులకు ఆగలేక కాలిపోయిందట. ఆయన మన వంటకు తట్టుకొనే మోటారుతో 1963లో సుమీత్ మిక్సీ తయారుచేశాడు. అంటే, భార్య కష్టం చూసి ఒక మగవాడు కదిలితే దేశానికంతా మేలు జరిగిందన్నమాట. నేను మాత్రం డబ్బిచ్చి కొని, నా వంతు అయిపోయిందనుకొన్నాను.

గ్యాసుకు పేరు రాయించి ఎన్నాళ్ళో కాచుకొంటే 1997లో కనెక్షను వచ్చింది. మా రాష్ట్రంలో దీపం పథకం 1999లో గాని రాలేదు. ఉజ్జ్వల 2016 నాటి మాట. కాబట్టి మా వీధిలో సిలిండరు దిగిన రోజు పండుగే. అంతకుముందు ఆదివారం వచ్చిందంటే కంపకట్టెలు కొట్టి పేర్చడం నా పని. వంటింటికి సంబంధించి నేను చేసిన పని అదొక్కటే. గ్యాసు రాగానే అదీ పోయింది. ఆదివారం కుర్చీ వేసుకొని వారపత్రికలో సీరియలు చదువుకొనేవాణ్ణి. లోపల మా ఆవిడ వారానికి సరిపడా కారప్పొడీ చింతపండూ సవరించుకొనేది. యంత్రాలు వచ్చాయి, సుఖపడుతున్నాము అనే మాట నేను నలుగురిలో తరచు వాడేవాణ్ణి. సుఖపడుతున్నది ఎవరో చూసుకోలేదు.

1998 వేసవిలో మా యమ్మ బోరింగు దగ్గర కాలుజారి పడి తుంటి విరగ్గొట్టుకొంది. మంచాన పడింది. అప్పటిదాకా మా ఆవిడ బడికి పోయినప్పుడు పిల్లలకింత తినిపించే దిక్కు ఆమే. ఇప్పుడు ఆమెకే తినిపించాలి, తిప్పి పడుకోబెట్టాలి.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం మా ఆవిడ నా టైపు మిషను పక్కన ఒక కాగితం పెట్టింది. మర్నాడు పది రోజుల శిక్షణకు రాయచోటి పోవాలి ఆమె.

"నేను తిరిగి వచ్చేలోపల ఇది రెండు కాపీలు కొట్టిపెట్టండి" అంది.

అలవాటు చొప్పున అర్జీలాగే చదివాను. "అయ్యా, కుటుంబ బాధ్యతల దృష్ట్యా నా ఉపాధ్యాయ ఉద్యోగానికి రాజీనామా..."

"ఎందుకిది?" అన్నాను.

"గంటలు చాలడంలేదు."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇన్నేళ్ళయినా తలుచుకొంటే తల వంగిపోతుంది. "మిక్సీ ఉంది, గ్యాసుంది. ఇంకా ఏం పనుంది ఇంట్లో?" అన్నాను.

ఆమె జవాబు చెప్పలేదు. పిల్లల బట్టలు ఏ పెట్టెలో ఉన్నాయో, మా యమ్మ మందులు ఏ పూట ఏవో చెప్పి, పొద్దున్నే బస్సెక్కింది.

*

మొదటిరోజే సంకటి కెలికాను. ఉండలు కట్టింది. మా యమ్మ మంచంమీదినుంచే పళ్ళెం చూసి, "ఏంరా, సంకటి కెలకడమంటే మిషను టకటకలాడించడమనుకొంటివా?" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మూడోరోజుకు నవ్వు పోయింది.

వంట చెడినందుకు కాదు, వంట వస్తుంది. ఏ పనీ ఒంటరిగా రాదు, అదీ చిక్కు. పాలు పొయ్యిమీద ఉన్నప్పుడే వీధిలో నీళ్ళు వస్తాయి. బిందె సగం నిండేసరికి మా యమ్మ పిలుస్తుంది. ఆమెను తిప్పి పడుకోబెట్టి వచ్చేలోపల పాలు పొంగిపోతాయి. పాప జడ వేయమంటుంది. అవతల బూతులో కువైటు ఫోను మోగుతుంటుంది.

నాలుగోరోజు ఎందుకో స్టాప్‌వాచీ తీశాను. పిల్లల వేగం కొలిచినవాణ్ణి గదా, నా వేగం ఎంతో చూద్దామనుకొన్నాను. ఒక్కొక్క పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో అర్జీల కాగితం వెనుక రాస్తూపోయాను. పదోరోజు రాత్రి షట్టరు దించి, రాజీనామా కోసం మిషనులో ఎక్కించి ఉంచిన కాగితంమీద ఆ లెక్క టైపు కొట్టాను:

నీళ్ళు పట్టడం 40 నిమిషాలు. మూడు పూటల వంట 95. పాత్రలు 50. బట్టలు 45. అమ్మ పనులు 70. పిల్లల స్నానం, జడలు, చదువు 60. చిమ్మడం, సర్దడం 30. మొత్తం 390 నిమిషాలు. అంటే ఆరున్నర గంటలు.

దానికింద ఇంకొక వాక్యం కొట్టాను: మిక్సీ తిరిగింది 6 నిమిషాలు; దాన్ని కడిగి తుడవడానికి 9 నిమిషాలు.

ఈ ఆరున్నర గంటలూ బడి గంటలకూ, నాలుగు బస్సుల ప్రయాణానికీ పైన. మద్దెల ఎవరో అప్పుడు తెలిసింది. మా యమ్మ జన్మంతా రోలే అయింది. కోడలు మద్దెల అయింది. నేను అరుగుమీద కూర్చుని తాళం వేసినవాణ్ణి.

మా ఆవిడ తిరిగి వచ్చి రాజీనామా కోసం మిషనులో చూసింది. అందులో ఈ పట్టీ ఉంది. నిలబడే చదివింది. పంతులమ్మ గదా, సంచిలోంచి ఎర్రసిరా పెన్ను తీసి చివర ఒక వాక్యం చేర్చింది: "ఆలోచించడం. నిమిషాలు వేయలేదు."

"ఆలోచించడమేమిటి?" అన్నాను.

"రేపేం వండాలి, చక్కెర ఎన్నాళ్ళొస్తుంది, పాపకు బూట్లు ఎప్పుడు కొనాలి, అత్తమ్మ మందులు ఎన్ని మిగిలాయి... బస్సులో నేను చేసే పని అదే" అంది. ఆమాట అని కాగితం పైన 35 మార్కులు వేసింది. పాసేనన్నమాట, అంచుమీద.

*

ఆనాటినుంచి మా యింటి పనిని రెండు షిఫ్టులు చేసుకొన్నాము. పొద్దున నీళ్ళు, వంట, మా యమ్మ స్నానం నావి. సాయంత్రం వంట, పిల్లల చదువు ఆమెవి. బట్టలు ఆదివారం ఇద్దరివీ. దుకాణం ఇంటి ముందే కాబట్టి నాకది పెద్ద కష్టం కాలేదు. కష్టమల్లా ఊరి మాటలే. "ఏమయ్యా, పెండ్లాము ఉద్యోగం చేస్తే నువ్వు సంకటి కెలుకుతున్నావంట" అని అరుగుమీద ఒక పెద్దమనిషి నవ్వాడు. నేను జవాబు వెతుక్కొనేలోపల లోపలి మంచంమీదినుంచి మా యమ్మే అరిచింది: "ఇప్పుడు ఉండలు కట్టడంలేదులే, నువ్వూ వచ్చి తినిపో!"

అంతా సర్దుకొందని చెబితే అబద్ధమవుతుంది. 2001లో మా ఆవిడకు పై పోస్టుకు పరీక్ష రాసే అవకాశం వచ్చింది. మా యమ్మ అప్పటికీ మంచంమీదనే ఉంది. ఆమె రాయలేదు. "మళ్ళీ రాయొచ్చులే" అంది. మళ్ళీ రాయలేదు. పని పంచుకోవడం ఆలస్యంగా మొదలుపెట్టినవాడు పోయిన ఏండ్లను తిరిగి ఇవ్వలేడు. ఆ బాకీ నా పద్దులో అలాగే ఉంది.

అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాసింది. దాని పేరే 'మోర్ వర్క్ ఫర్ మదర్' - అమ్మకు ఇంకా పని అని. కట్టెలపొయ్యి పోయి కొత్త స్టవ్వులు వచ్చాక కట్టెలు కొట్టే మగవాడి పని తప్పింది గాని, వండే ఆడదాని పని తప్పలేదంటుంది ఆమె. బట్టలుతికే మిషను వచ్చాక, బయట ఉతికించే బట్టలు కూడా ఇల్లాలి నెత్తికి వచ్చాయంటుంది. ఆమె ఎన్నడూ చూడని వల్లూరులో నా ఆదివారపు కుర్చీ గురించి ఆమెకెలా తెలిసిందా అనుకొన్నాను!

మన లెక్కలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు చేస్తున్నట్లు తేలింది. 2024లో మళ్ళీ చూస్తే ఆడవారివి 289, మగవారివి 88. అయిదేళ్ళలో ఆడవారికి 10 నిమిషాలు తగ్గితే, మగవారు కూడా 9 నిమిషాలు తగ్గించుకొన్నారు! యంత్రం మిగిల్చిన కాలంలో మన వాటా మనం జాగ్రత్తగా పుచ్చుకొన్నామన్నమాట.

నన్నడిగితే ఇంటి యంత్రాలన్నిటిలో పెద్దది కొళాయి. వాకిట్లో కొళాయి తిరిగిన రోజు మాకు మిగిలిన 40 నిమిషాలు ఏ మిక్సీ మిగల్చలేదు. దాని తర్వాత గ్యాసు. మిగతావన్నీ ఆ రెంటి తర్వాతనే. అయితే ఏ యంత్రమైనా కాలం మిగల్చగలదే గాని, ఆ కాలం ఎవరికి చెందాలో చెప్పలేదు. అది ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి.

*

నా వృత్తి మాత్రం కుదురుగా ఉండలేదు. 2003లో సెల్లుఫోనుకు వచ్చే కాల్సు ఉచితం కావడంతో బూతు అరుగు ఖాళీ అయింది. అప్పుచేసి కంప్యూటరు కొని, మళ్ళీ అక్షరాలు దిద్దుకొన్నాను. టైపు వచ్చినవాడికి ఆ కీబోర్డు బంధువే. 2011లో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ మాదాకా వచ్చాక, కులం, ఆదాయం, అడంగల్ అంటూ కొంతకాలం దుకాణం కళకళలాడింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు అటు మళ్ళారు. ప్రతిసారీ దిగులుపడ్డాను గాని, 1993 నాటి దిగులు వేరు, ఇది వేరు. ఈసారి ఇంట్లో నాకు రెండో ఉద్యోగముంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేరు.

2020 మార్చిలో లాక్‌డౌను పెట్టినప్పుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా పాప, అల్లుడు, ఏడాది బిడ్డతో వల్లూరుకు వచ్చారు. నా పాత ముందుగది వాళ్ళ ఆఫీసయింది. ఇంటికి తీగలాగి ఇంటర్నెట్టు ఇచ్చే రోజులు అప్పటికే వచ్చాయి గదా. ఇద్దరూ చెవులకు తగిలించుకొని రెండు మూలలా మాట్లాడేవారు. బిడ్డ ఏడిస్తే మాత్రం లేచేది మా పాపే. అల్లుడికి మీటింగు ఉండేది. పాపకూ ఉండేది.

రెండు వారాలు చూశాను. తర్వాత ఒకరోజు అల్లుణ్ణి వసారాలోకి పిలిచి, బీరువాలోంచి 1998 నాటి పట్టీ తీసి చేతిలో పెట్టాను. ఏమీ చెప్పలేదు. అతడు చదివి, ఎర్రసిరా వాక్యం దగ్గర కాసేపు ఆగాడు. "మామా, మీ దగ్గర ఇంకా స్టాప్‌వాచీ ఉందా?" అన్నాడు. "ఫోన్‌లో ఉంది గదయ్యా" అన్నాను. మర్నాడు పొద్దున బిడ్డకు ఉగ్గు కలిపింది అతడే. ఉండలు కట్టింది. నేను నవ్వలేదు.

పదవీ విరమణ వయసు 62కు పెంచడంతో మా ఆవిడ 2024లో రిటైరయింది. 2025 జనవరిలో ప్రభుత్వం వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టడంతో నా దుకాణంలో మిగిలిన పనీ ఫోన్లోకి పోయింది. అయినా రోజుకు ఇద్దరు ముగ్గురు అరుగెక్కుతూనే ఉంటారు. ఫోను చేతిలో ఉంటుంది. ఏం రాయాలో తెలియదు. వాళ్ళు చెబుతారు, నేను "అయ్యా" అని మొదలుపెడతాను. ఇప్పుడు మాత్రం ఆడమనిషి వస్తే ఒక ప్రశ్న ఎక్కువగా అడుగుతాను: "నువ్విక్కడికొస్తే ఇంటి దగ్గర పని ఎవరు చూస్తున్నారమ్మా?"

మొన్న ఆదివారం మా ఆవిడకు అత్తగారి చేతి ఊరుబిండి గుర్తుకొచ్చింది. తులసి కుండీ దించి, రోలు కడిగాము. చెనిక్కాయలు వేయించింది ఆమె. రోకలి పట్టింది నేను.

"మెత్తగా చేయొద్దు, బురదవుతుంది" అంది, అచ్చం మా యమ్మలాగే.